మిగిలిన రెండువేల ఏనుగులు

ఎవరు గెలుస్తారు?

రెండే మాటలు. పాలపళ్ళు ఊడే వయసులో నోట పుట్టి, పళ్ళు కట్టించుకునే వయసొచ్చినా వదలని ప్రశ్నా, నీకు దండం.

భీముడూ వాలీ కలియబడితే? అర్జునుడికి ఇంద్రజిత్తు ఎదురొస్తే? అభిమన్యుడి సరసన మా పల్నాటి బాలచంద్రుణ్ణి నిలబెడితే? నువ్వడిగే యుద్ధాలు జరగలేదు, జరగబోవు. ఒకడు త్రేతాయుగంలో నేలకొరిగాక ఎప్పటికో ఇంకొకడు ద్వాపరంలో పుట్టాడు. మధ్యన కాలమనే కందకం. దాని మీద ఒక చెక్క వేసి ఇవతలికి రమ్మంటావు నువ్వు. వస్తారు. చాప అంచున కూర్చున్న పదేళ్ళ కుర్రాడు పిలిచినా సరే, గాండీవం భుజాన వేసుకుని వస్తారు. రాజసూయానికి పిలిస్తే మొహం చాటేసిన రాజులుంటారేమోగానీ, నువ్వు పిలిస్తే రాని వీరుడు లేడు.

నిన్ను మొదట చూసింది అమ్మమ్మగారింటి అరుగు మీద. పల్నాటి ఎండాకాలం. పగలంతా కాగిన బండలు రాత్రి పది దాటినా వేడి వదిలేవి కావు. కరెంటు పోగానే ఊరంతా ఒక్క గొంతుతో ఉసూరుమనేది. లోపలి మంచాలు బయటికొచ్చేవి. నీళ్ళు చల్లిన మట్టివాసన, విసనకర్రల చప్పుడు, తాతయ్య నులకమంచం కిర్రుమనడం. ఆ చీకట్లో ఎవరో ఒకరు నిన్ను తలిచేవారు. అంతే, అరుగు రెండు పక్షాలయ్యేది.

ఆ రోజుల్లో పిల్లల జేబుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులుండేవి. ఒక్కో ముక్క మీద ఒక్కో వస్తాదు, కింద వాడి ఎత్తు, బరువు, ఛాతీ, కండ. ఎవరి అంకె పెద్దదైతే ముక్క వాళ్ళది. మాకు కొనిపెట్టేవాళ్ళు లేరు. చిన్నమావయ్య పెళ్ళికి అచ్చేయించి మిగిలిన శుభలేఖలు అటక మీద కట్టగా ఉంటే, పెద్దబావ వాటిని దించి కత్తెరతో ముక్కలు చేశాడు. మూలల్లో పసుపు అలాగే ఉంది. ఒక్కో ముక్క మీద ఒక్కో వీరుడి పేరు రాశాం. తిరగేస్తే పెళ్ళి అక్షరాలు సగం సగం కనపడేవి. కర్ణుడి ముక్క వెనక ‘బంధుమిత్ర’ అని ఉండి అక్కడితో తెగిపోయింది. మేం కావాలని చేసింది కాదు. కత్తెర ఎటు పోతే అటు తెగింది.

అంకెలు రాయడంలోనే అసలు రభస. భీముడి బరువెంత? పసిగుడ్డుగా ఉన్నప్పుడు పులి అరుపుకి ఉలిక్కిపడి లేచిన కుంతి ఒడిలోంచి జారి బండ మీద పడితే, బిడ్డకేమీ కాలేదుగానీ బండ పిండైంది. ఆ బండ బరువు తెలిస్తేగదా పిల్లాడి బరువు తేలేది! గడి ఖాళీగా వదిలేశాం. బలం దగ్గర మాత్రం ఇబ్బంది లేదు, భారతమే లెక్క చెప్పింది. దుర్యోధనుడు విషం పెట్టి గంగలో తోయిస్తే భీముడు నాగలోకం చేరాడు. అక్కడ ఒక్కో రసకుండంలో వెయ్యి ఏనుగుల బలం. ఎనిమిది కుండాలు తాగాడు. నీకు పదివేల ఏనుగుల బలం వచ్చిందన్నారు నాగులు.

‘బలం: పదివేల ఏనుగులు’ అని పెద్దబావ రాస్తుంటే చిన్నబావ చెయ్యి పట్టుకున్నాడు. వాడికి లెక్కల్లో నూటికి నూరు.

“ఎనిమిది వేలే. ఎనిమిది కుండలు, కుండకి వెయ్యి.”

“పుస్తకంలో పదివేలనే ఉంది.”

“అయితే మిగిలిన రెండువేలు ఏడనుంచొచ్చినయి తాతయ్యా?”

విసనకర్ర ఒక క్షణం ఆగింది. “పుట్టుకతోనే ఉండుంటాయిలేరా” అన్నాడు తాతయ్య.

“ఏడ రాసుంది?”

తాతయ్య నవ్వి విసురుకోవడం మొదలుపెట్టాడు. ఆ రెండువేల ఏనుగులు చీకట్లో అలాగే నిలబడిపోయాయి.

హనుమంతుడి ముక్క వచ్చినవాడు ప్రతిసారీ గెలుస్తున్నాడు. కృష్ణుడి ముక్కతోనూ అదే తంతు. ఆట చప్పబడిపోతోందని పిల్లలం తగువు పడుతుంటే అమ్మమ్మ వచ్చి ఆ రెండు ముక్కలూ తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టేసింది. దేవుణ్ణి పందెంలో పెట్టకూడదంది. బలాబలాలు సరితూగాలంటే కొందరిని బరి దాటించాలని ఆమెకి ఎవరు చెప్పారో! మర్నాడు పొద్దున చూస్తే రెండు ముక్కల మీదా కొత్తగా కుంకుమ బొట్లున్నాయి.

నిన్ను పిల్లల ఆటంటారు కొందరు. వాళ్ళ ముందు ఉద్యోగపర్వం తెరవాలి. యుద్ధం ఇంకా మొదలవలేదు. సేనాపతి భీష్ముణ్ణి కూర్చోబెట్టి దుర్యోధనుడు అడిగింది నిన్నే: మనలో ఎవరు ఎంతటివాడు? తాత వరసపెట్టి చెప్పాడు. ఇతను రథుడు, ఇతను అతిరథుడు, ఇతను మహారథుడు. అశ్వత్థామ దగ్గరికొచ్చి తటపటాయించాడు. విద్యలో సాటిలేనివాడేగానీ ప్రాణమంటే మహా తీపి, అందుకని ఏ లెక్కలోనూ వెయ్యలేనన్నాడు. కర్ణుడి వంతు వచ్చింది. కవచకుండలాలు పోయాయి, గురువు శాపం తగిలింది. ఇతను అర్ధరథుడు, అన్నాడు. ద్రోణుడు అవునన్నాడు. కర్ణుడు మండిపడ్డాడు. ఈ ముసలాయన బతికుండగా ఆయుధం పట్టనన్నాడు. పదోనాడు భీష్ముడు పడేదాకా పట్టలేదు.

ఒక్క అంకె. ఒకటి అనాల్సిన చోట సగం అన్నందుకు కౌరవసేన పది రోజులు కర్ణుడు లేకుండా పోరాడింది. శుభలేఖ ముక్కల మీద అంకెల కోసం మేం జుట్టూ జుట్టూ పట్టుకుంటే పెద్దవాళ్ళకి నవ్వొచ్చిందిగానీ, ఆ పట్టు మాకు కురువృద్ధుల నుంచి వచ్చిందే.

కథల గట్లు తెంపి ఒక చేలో నీళ్ళు ఇంకో చేలోకి పారించడం కూడా మన దగ్గర కొత్తగాదు. సౌగంధిక పుష్పం కోసం చెట్లు విరుచుకుంటూ పోయే భీముడి దారికడ్డంగా, అరటితోపులో ఓ ముసలి కోతిని పడుకోబెట్టారు పెద్దలు. తోక జరిపి వెళ్ళమంది కోతి. ఎడంచేత్తో చులాగ్గా తీసేయబోయాడు భీముడు. కదల్లేదు. రెండు చేతులూ వేశాడు. చెమటలు పట్టాయి. పదివేల ఏనుగులూ ఒక తోక దగ్గర మోకరిల్లాయి. యుగాల తేడా ఉన్న అన్నదమ్ములు, ఇద్దరూ గాలికొడుకులే. ఒక కథలోని వీరుడు ఇంకో కథలోకి వచ్చి కొట్టకుండానే గెలిచాడు. గెలిచి ఊరుకోలేదు, నీ తమ్ముడి జెండా మీద కూర్చుంటానని మాటిచ్చాడు.

ఇంకోచోట, గుహలో చీకటి. శ్యమంతకమణి కోసం వచ్చిన కృష్ణుడూ, దాన్ని బిడ్డకి ఆటబొమ్మగా ఇచ్చిన జాంబవంతుడూ కలియబడ్డారు. ఇరవై ఎనిమిది రోజులని చెబుతుంది భాగవతం. ఒళ్ళు హూనమయ్యాక, ఇంతటి దెబ్బ తన రాముడిది తప్ప ఇంకొకరిది కాదని ముసలి భల్లూకానికి తట్టింది. ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్నవాణ్ణి మొహం చూసి పోల్చుకోలేకపోయాడు, పిడికిలి చూసి పోల్చుకున్నాడు.

ఆ ధైర్యంతోనే మేమూ మెట్లు కట్టేవాళ్ళం. రావణుణ్ణి కార్తవీర్యార్జునుడు బందీగా పట్టుకున్నాడు. ఆ కార్తవీర్యుణ్ణి పరశురాముడు నరికాడు. ఆ పరశురాముడితో భీష్ముడు కురుక్షేత్రంలో ఇరవై మూడు రోజులు పోరి తగ్గలేదు. కాబట్టి భీష్ముడు లంకకి పోతే ఒక్క పూటలో పని అయిపోయేదని పెద్దబావ తేల్చేశాడు. చిన్నబావ చాప మీదనుంచి లేచాడు.

“మిథిల నుంచి వచ్చేదారిలో రాముడు విష్ణుధనుస్సు ఎక్కుపెట్టినప్పుడే పరశురాముడి తేజం పోయింది. భీష్ముడు కొట్లాడింది తేజం పోయినాయనతో. నీ మెట్టు విరిగింది.”

అరుగంతా నిశ్శబ్దం. దూరంగా ఎక్కడో ఎద్దుల మెడలో గంట. విరిగిన మెట్టు దగ్గర పెద్దబావ అలాగే నిలబడ్డాడు. ప్రశ్నా, ఆ క్షణానికి దండం. కథ విన్నవాడు వేరు, కథలో పగులు వెతికి పట్టుకున్నవాడు వేరు. నీ కోసం వాడు రామాయణాన్ని భారతం పక్కన పెట్టి, వేలు పెట్టి, ఎక్కడ ఏం పోయిందో వెతికాడు. ఏ మాస్టారు చెబితే చదువుతాడు అలా?

వాలి సంగతి చూడు. ఎదుటివాడి బలంలో సగం లాక్కుంటాడని జనం చెప్పుకునే మాట. భీముడు ఎదురైతే ఐదువేల ఏనుగులు గట్టు దాటి వాలి మందలో కలిసిపోతాయి. అందుకే రాముడు చెట్టుచాటున నిలబడ్డాడని సమర్థించేవాళ్ళు. భీముడు చెట్టుచాటుకి పోతాడా? పోడు, చెట్టునే పెరుకుతాడు. చెట్టుకి సగం బలం వర్తిస్తుందా? ఆ రాత్రి తేలలేదు. నేను పడుకున్నాక కూడా చెట్టు గురించి గొణుక్కుంటూనే ఉన్నారు.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఇంద్రజిత్తు రాత్రి. ఇంద్రుణ్ణే కట్టి తెచ్చినవాడు, ఒక్క యుద్ధంలో అరవై ఏడు కోట్ల వానరుల్ని పడగొట్టాడని రామాయణం చెప్పినవాడు. పధ్నాలుగేళ్ళు నిద్రపోనివాడి చేతిలోనే చావని, లక్ష్మణుడు ఆ పధ్నాలుగేళ్ళూ కన్ను మూయలేదని, ఆ నిద్రంతా ఇంటి దగ్గర ఊర్మిళ పోయిందని మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పాటగా పాడుకుంటారు. కాబట్టి అర్జునుడు ఏంచేసినా ఇంద్రజిత్తు చావడు. వాదం ముగిసింది. అందరం దుప్పట్లు సర్దుకుంటున్నాం. పక్కింటి అరుగు మీద పడుకున్న తెలుగు మాస్టారు, ఎప్పుడూ మా జోలికి రాని మనిషి, చీకట్లోంచి ఒక్క మాట విసిరారు:

“అర్జునుడికి గుడాకేశుడని పేరుందర్రా. అర్థం కనుక్కోండి.”

నిద్రని గెలిచినవాడు! దుప్పట్లు మళ్ళీ తీశాం. ఎన్నేళ్ళు గెలిచాడు, పధ్నాలుగా, పదమూడా? అరణ్యవాసం పన్నెండు, అజ్ఞాతం ఒకటి. ఒక్క ఏడాది తక్కువ! అయ్యో అర్జునా, ఒక్క ఏడాది! ఇంద్రజిత్తుకి ప్రాణం పోసినంత సంబరం ఒక పక్షానికి, కొంప మునిగినంత దిగులు ఇంకో పక్షానికి. మాస్టారు మాత్రం మా నిద్ర చెడగొట్టి హాయిగా నిద్రపోయారు.

నీ యుద్ధాల్లో ఎవరూ ఓడకూడదు. ఆ సంగతి మన నాటకకర్తలకి బాగా తెలుసు. సూర్యుడికి అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో ఆకాశంలో పోతున్న గయుడి తాంబూలపు ఉమ్మి పడింది. చంపుతానని కృష్ణుడి శపథం. ఎవరి కోపమో అడక్కుండానే కాపాడతానని అర్జునుడి అభయం. బావ ప్రతిజ్ఞకీ బావమరిది మాటకీ మధ్య ఇరుక్కుపోయింది లోకం. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి ‘గయోపాఖ్యానం’ ఊరూరా ఆడింది ఈ ఇరకాటం మీదే. 1963లో కె.వి.రెడ్డిగారు ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ తీసినప్పుడు కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్. హాల్లో సగం ఈలలు అటు, సగం ఇటు. ఎవరి బాణం ముందు తెగాలి? శివుడే దిగొచ్చి ఆపాలి. భీష్మ పరశురాములకీ అంతే, నారదుడూ పితృదేవతలూ గంగమ్మా అడ్డం పడితేగానీ ఆగలేదు. మా అరుగు మీదా అంతే, కరెంటొచ్చేది.

1977 సంక్రాంతికి ఒకేరోజు రెండు కురుక్షేత్రాలు దిగాయి తెలుగునాట. ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ కర్ణుడూ తనే, దుర్యోధనుడూ తనే, కృష్ణుడూ తనే. ‘కురుక్షేత్రం’లో కృష్ణ అర్జునుడు, కృష్ణంరాజు కర్ణుడు. ఒకే యుద్ధానికి రెండు టిక్కెట్లు. ఈ కర్ణుడు ఆ అర్జునుడికి ఎదురైతే? నాయకుల్ని బట్టి వీరుల బలం మారింది ఆ పండక్కి. మా మావయ్యలిద్దరూ ఆ సంక్రాంతి నుంచి ఉగాది దాకా మాట్లాడుకోలేదని అమ్మమ్మ చెప్పేది.

అమ్మమ్మ అంటే గుర్తొచ్చింది. ఒకసారి నేను సత్యభామ ముక్క రాసి కట్టలో కలిపాను. బావలు తీసేశారు. ఆడవాళ్ళు ఈ లెక్కలోకి రారన్నారు. బియ్యంలో రాళ్ళేరుతున్న అమ్మమ్మ తలెత్తకుండానే అడిగింది:

“నరకుడి సేనలని తరిమిందెవర్రా?”

“చివరికి చక్రం వేసింది కృష్ణుడే నాయనమ్మా.”

“చివరిదాకా విల్లుపట్టి నిలబడిందెవరు?”

చేట ఒక్కసారి ఎగిరి దిగింది. సత్యభామ ముక్క కట్టలోకి తిరిగొచ్చింది. కర్ణుడి మీద రెండుసార్లు గెలిచింది కూడా.

మా ఊళ్ళో నువ్వు తప్పకుండా చేరే మజిలీ ఒకటుంది. కారెంపూడి, నాగులేటి ఒడ్డు. పన్నెండో శతాబ్దంలో సవతి అన్నదమ్ముల సేనలు అక్కడ కొట్టుకుని చచ్చాయి. ఆ వీరులకి ఇప్పటికీ తిరునాళ్ళు జరుగుతాయి. అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి పోవడం తెలుసు, రావడం తెలీదు. బాలచంద్రుడికి రావాలని లేదు. ఎవరు గొప్ప? మా తాతయ్య బాలచంద్రుడి వైపు ఒక్క అంగుళం కూడా తగ్గేవాడు కాదు. భారతం నిండా రాజులే ఉన్నార్రా, మనూళ్ళోవాడు ఒక్కడుండగూడదా, అనేవాడు. అది వాదం కాదు, ప్రేమ. కానీ నీ దర్బారులో ప్రేమ కూడా సాక్ష్యమే.

అది నాకు పెద్దబావ వల్ల తెలిసింది. ఎప్పుడూ కర్ణుడి పక్షం. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఒక్కడే అందర్నీ కొట్టాడుగదా అంటే మొహం తిప్పుకునేవాడు. “కవచముంటేనా” అనేవాడు. ఎన్ని అడిగినా చివరికి అదే మాట. కర్ణుడి చావుకి కారణాలెన్నో అని సామెత చెప్పి మేం నవ్వేవాళ్ళం. పదహారేళ్ళ వయసులో జిల్లా కబడ్డీ జట్టుకి ఎంపికయ్యాడనీ, బస్సెక్కబోయే రోజు జాబితాలో తన పేరు తీసేసి ఇంకెవరి పేరో రాశారనీ, అడిగితే జవాబు చెప్పినవాళ్ళు లేరనీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ సంగతి తను ఎవరితోనూ అనలేదు. కవచముంటేనా, అన్నాడు. అంతే అన్నాడు.

ప్రశ్నా, నీకు అందుకే దండం. మనిషి తన ఓటమిని తన పేరుతో చెప్పుకోలేనప్పుడు కర్ణుడి పేరుతో చెప్పుకోనిస్తావు. నెత్తురు కారకుండా కురుక్షేత్రం చూపిస్తావు. కండబలం గురించి మొదలుపెట్టి శాపం, వరం, మాట, మాట తప్పడం, పక్కన ఎవరున్నారన్నది, అన్నీ లెక్కలోకి తెస్తావు. జరాసంధుడి ముందు గడ్డిపోచ చీల్చి చూపినవాడు లేకపోతే పదివేల ఏనుగులు మాత్రం ఏం చేసేవి?

పోయిన ఆదివారం చిన్నబావ కొడుకు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. పదేళ్ళవాడు.

“పిన్నీ, హల్క్ వర్సెస్ భీమ. ఎవరు గెలుస్తారు?”

ముప్ఫై ఏళ్ళ కిందటి చాప వాసన వచ్చింది నాకు.

“నువ్వెవరి వైపు?”

“హల్క్. కోపం పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది. లిమిట్ లేదు.”

“భీముడికీ కోపమేరా. నిండు సభలో వచ్చిన కోపాన్ని పదమూడేళ్ళు లోపలే పెట్టుకున్నాడు.”

కాసేపు ఉలుకూ పలుకూ లేదు.

“అంటే... పదమూడేళ్ళు ఛార్జింగ్ పెట్టాడా?”

“అవును నాన్నా.”

కాగితం మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు. నాగలోకం కథ అడిగి మళ్ళీ చెప్పించుకున్నాడు. కుండలు లెక్కపెట్టాడు. నాకు తెలుసు ఏం అడగబోతాడో. అడిగాడు.

“ఎనిమిది వేలే కదా. మిగతా టూ థౌజండ్ ఎక్కడివి?”

వెనక ఎక్కడో చిన్నబావ నవ్వు వినిపించింది. తాతయ్య లేడు. ఆ విసనకర్రా లేదు. పసుపు మూలల ముక్కలు ఏ అటక మీద చెదలు తిన్నాయో. దేవుడి గూట్లో బొట్లు పెట్టుకున్న రెండూ మాత్రం నా దగ్గరున్నాయి.

“ఇప్పుడు నువ్వెవరి వైపు?” అన్నాను.

కొంచెంసేపు ఆలోచించాడు.

“...భీముడి వైపు.”

“అయితే ఆ రెండువేలల్లో ఒకటి నీదిరా” అన్నాను. “ఒకటి మీ తాతయ్యవాళ్ళ నాన్నది. ఇంకొకటి అడుగు, మీ నాన్న దగ్గరుంటుంది.”